24 గంటలకు 600 మెగాబిట్లే: సూర్యుడి స్పెక్ట్రోమీటర్ ప్రణాళికలో దేన్ని తగ్గించాలి?

కరోనా_కన్ను

నమస్కారం అందరికీ. ప్రాజెక్ట్ పనిలో భాగంగా ఒక ఊహా అంతరిక్ష నౌకకి 24 గంటల పరిశీలన ప్రణాళిక రాస్తున్నాను. డేటా లెక్క దగ్గర ఆగిపోయాను, ఈ పని తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను.

పరికరం దాదాపు హినోడే (జపాన్ సౌర ఉపగ్రహం) మీద ఉన్న ఈఐఎస్ అనే స్పెక్ట్రోమీటర్ (కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసే పరికరం) లాంటిదే అనుకోండి. స్లిట్ (కాంతి లోపలికి వచ్చే సన్నటి చీలిక) వెడల్పు 2 ఆర్క్‌సెకండ్లు (ఒక ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు), స్లిట్ వెంబడి 512 పిక్సెళ్లు (ఒక్కోటి 1 ఆర్క్‌సెకండ్), తరంగదైర్ఘ్యం వైపు ఒక్కో పిక్సెల్ 0.0223 ఆంగ్‌స్ట్రామ్‌లు, పిక్సెల్‌కి 14 బిట్లు. తేడా ఏంటంటే నౌక భూమి చుట్టూ తిరగడం లేదు, దూరంగా సూర్యుడి చుట్టూ తిరుగుతోంది, ఈ పరిశీలన మొత్తానికి నాకు ఇచ్చిన వాటా 600 మెగాబిట్లు.

నేను చూడాలనుకున్నది యాక్టివ్ రీజియన్ (సూర్యుడి మీద అయస్కాంత క్షేత్రం బలంగా ఉండే ప్రకాశవంతమైన ప్రాంతం) అంచుల్లో ప్లాస్మా పైకి లేచే ప్రవాహాలు. నెమ్మది సౌర పవనంలో కొంత భాగం వీటి నుంచే వస్తుందా అన్నది అసలు ప్రశ్న. 15 లైన్లు (ఒక్కో అయాన్ ప్రత్యేకంగా వెలువరించే తరంగదైర్ఘ్యాలు) తీసుకుని, ఒక్కో లైన్‌కి 32 పిక్సెళ్ల విండో (దాని చుట్టూ పంపే తరంగదైర్ఘ్యాల ముక్క) పెట్టాను. అంటే ఒక ఎక్స్‌పోజర్‌కి 512 × 32 × 15 పిక్సెళ్లు, దాదాపు 3.44 మెగాబిట్లు. స్లిట్‌ని 2 ఆర్క్‌సెకండ్ల చొప్పున 120 చోట్లకి జరుపుతూ పోతే ఒక రాస్టర్‌కి (అలా పూర్తయ్యే ఒక చిత్రానికి) 413 మెగాబిట్లు. ఎక్స్‌పోజర్ 40 సెకన్లు కాబట్టి రాస్టర్‌కి 80 నిమిషాలు, రోజంతా ఆపకుండా తీస్తే 18 రాస్టర్లు, మొత్తం 7.4 గిగాబిట్లు! నాకున్నదానికి పన్నెండు రెట్లు. కంప్రెషన్‌తో సగం చేసినా ఇంకా ఆరు రెట్లు ఎక్కువే ఉంటుంది.

లైన్లు తగ్గించాలా, విస్తీర్ణమా, రాస్టర్ల సంఖ్యా, లేక బాగా గట్టిగా కంప్రెస్ చేసేయాలా? ఏది ముందు వదులుకోవచ్చు, ఏది అస్సలు ముట్టుకోకూడదు?

ఫోటాన్‌లెక్క

మంచి ప్రశ్న, లెక్కలు కూడా సరిగ్గానే ఉన్నాయి. నా సలహా మాత్రం ఏది తగ్గించాలి అన్న దగ్గర మొదలుపెట్టొద్దని. చివర్లో మీరు గీయబోయే గ్రాఫ్ ఏంటి, అందులో ఎర్రర్ బార్ ఎంత ఉంటే మీ ప్రశ్నకి జవాబు వస్తుంది, ముందు అది కాగితం మీద రాసుకోండి. సగం కోతలు అక్కడే తేలిపోతాయి.

మీ విషయంలో మొదటి కోత రాస్టర్ల సంఖ్యే. యాక్టివ్ రీజియన్ అంచుల్లోని ఈ ప్రవాహాలు రోజుల తరబడి నిలిచి ఉంటాయని హినోడే వచ్చిన దగ్గర్నుంచీ చాలామంది చూపించారు. అలాంటి వస్తువుని 80 నిమిషాలకోసారి ఎందుకు కొలవాలి? ఫ్లేర్ కోసమైతే సెకన్లు లెక్కపెట్టాలి, అప్పుడు విస్తీర్ణం వదిలేసుకోవాలి. మీకు అక్కర్లేదు. రోజుకి నాలుగు చాలు, మార్పు ఉంటే అందులోనే తెలుస్తుంది.

దీనితో పాటు చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఎక్స్‌పోజర్ సమయం పెంచితే ఒక్క బిట్ కూడా అదనంగా ఖర్చవదు. 40 సెకన్లు తీసినా 60 సెకన్లు తీసినా పిక్సెల్‌కి అవే 14 బిట్లు, కానీ లోపల ఫోటాన్లు ఒకటిన్నర రెట్లు. లైన్ ఎంత జరిగిందో చూసి వేగం కొలుస్తాం కదా, అందులో వచ్చే తప్పు దాదాపు లైన్ వెడల్పు (సిగ్మా) ని ఫోటాన్ల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే వచ్చేంత. ఈఐఎస్ లాంటి పరికరంలో 195.12 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఒక పిక్సెల్ అంటే సెకనుకి 34 కిలోమీటర్లు, లైన్ సిగ్మా 38 దాకా ఉంటుంది. లైన్‌లో 100 ఫోటాన్లుంటే తప్పు సెకనుకి 4 కిలోమీటర్లకి దగ్గర, 400 ఉంటే 2కి దిగుతుంది. మీ ప్రవాహాలు 10 నుంచి 50 మధ్య ఉంటాయి, కాబట్టి 2 ఉంటే హాయిగా పని జరుగుతుంది. బిట్లు తక్కువగా, సమయం ఎక్కువగా ఉన్నప్పుడు సమయాన్నే ఖర్చుపెట్టాలి. హద్దులు లేవని కాదు. ప్రకాశవంతమైన చోట పిక్సెల్ నిండిపోతుంది, కాస్మిక్ కిరణాల మచ్చలు పెరుగుతాయి, ఈలోగా సూర్యుడు తిరుగుతూనే ఉంటాడు (భూమి దూరం నుంచి చూస్తే డిస్క్ మధ్యలో గంటకి దాదాపు 10 ఆర్క్‌సెకండ్లు). అయినా 60 సెకన్లకి ఇవేవీ పెద్ద అడ్డంకి కావు.

ఇక లైన్లు. 15 ఎందుకు? ఐరన్ 12 (అంటే 11 ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము; బ్రాకెట్లలో ఉండేది తరంగదైర్ఘ్యం, 195.12) మీ ప్రధాన లైన్. చల్లటి వైపు ఐరన్ 8 (185.21), వేడి వైపు ఐరన్ 15 (284.16). ఈ అంచుల దగ్గర చల్లటి లైన్లలో కిందికి దిగడం, వేడి లైన్లలో పైకి లేవడం కనిపిస్తుంటుంది, ఆ తేడా చూడాలంటే రెండు కొసలూ కావాలి. సాంద్రతకి ఐరన్ 13 జత (202.04, 203.83), దానితో పాటు ఐరన్ 12 లో 186.88 కూడా. సౌర పవనంతో ముడిపెట్టాలంటే సిలికాన్ 10 (258.37), సల్ఫర్ 10 (264.23) తప్పనిసరి, మూలకాల నిష్పత్తి అందులోంచే వస్తుంది. మొత్తం ఎనిమిది. విండో 24 పిక్సెళ్లు చేసి, స్లిట్ ఎత్తు 256కి కుదించండి. 256 × 24 × 8 × 14 అంటే ఎక్స్‌పోజర్‌కి 0.69 మెగాబిట్లు, 120 చోట్లకి 83 మెగాబిట్లకి కొంచెం తక్కువ. నాలుగు రాస్టర్లు 330. కంప్రెషన్ ఊసే లేకుండా మీ 600లో పట్టేసింది.

స్లిట్_పక్కన

ఫోటాన్‌లెక్క గారు చెప్పినదాంట్లో ఒక్కదానితో ఒప్పుకోలేను, స్లిట్ ఎత్తుని 256కి కోయడం. ఇలాంటి స్పెక్ట్రోమీటర్లలో సంపూర్ణ తరంగదైర్ఘ్యాన్ని నిర్ధారించే దీపం ఉండదు. సున్నా వేగం ఎక్కడ అన్నది డేటాలోనే ఉన్న ప్రశాంత సూర్య ప్రాంతాన్ని సగటు తీసి నిర్ణయించుకుంటాం. పైగా పరికరం వేడెక్కి చల్లారే కొద్దీ లైన్ స్థానం జరుగుతుంది. ఈఐఎస్‌లో ఒక కక్ష్యలోనే ఇది రెండు పిక్సెళ్ల దాకా ఉంటుంది, అంటే సెకనుకి 70 కిలోమీటర్లు, మీరు కొలవాలనుకున్న వేగం కన్నా ఎక్కువ! మీ నౌక భూమి చుట్టూ తిరిగేది కాదు కాబట్టి ఇంత ఉండకపోవచ్చు, కానీ సూర్యుడికి దూరం మారుతున్నప్పుడు వేడి మారుతుంది, జరుగుడు కూడా ఉంటుంది. స్లిట్‌ని యాక్టివ్ రీజియన్ మట్టుకే కోసేస్తే ప్రశాంత ప్రాంతం బయటికి పోతుంది, ఇక ఏ వేగం నిజమో ఏది జరుగుడో విడదీయలేరు. ఎన్ని ఫోటాన్లు ఉంటే ఏం లాభం?

అదే బిట్లకి ఇంకో దారి ఉంది. 512 ఎత్తూ ఉంచి, స్లిట్ వెంబడి రెండేసి పిక్సెళ్లని చిప్ మీదే కలిపేయండి. 256 విలువలే వస్తాయి, అదే 83 మెగాబిట్లు, ప్రశాంత ప్రాంతం లోపలే ఉంటుంది, ఒక్కో విలువలో ఫోటాన్లు రెట్టింపు, రీడ్ నాయిస్ (డిటెక్టర్‌ని చదివేటప్పుడు చేరే నాయిస్) కూడా ఒక్కసారే పడుతుంది. ఈఐఎస్ అసలు రిజల్యూషన్ ఎలాగూ 3 ఆర్క్‌సెకండ్ల దగ్గర్లో ఉంటుంది కాబట్టి 2 ఆర్క్‌సెకండ్ల పిక్సెల్‌తో పోయేది స్వల్పం.

తరంగదైర్ఘ్యం వైపు మాత్రం కలపొద్దు, దయచేసి. లైన్ పూర్తి వెడల్పే రెండున్నర, మూడు పిక్సెళ్లు. అందులో రెండు కలిపితే లైన్ ఆకారం ఏమీ మిగలదు, నీలం వైపు రెక్క (మన వైపు వేగంగా వచ్చే ప్లాస్మా వల్ల లైన్ ఒక పక్కకి సాగిన భాగం) గురించి మాట్లాడే హక్కే పోతుంది.

విండో 24 అన్నది బాగుంది. కొందరు ఆశపడి 16కి దింపుతారు, వాళ్లకి ఒకసారి లెక్క చూపించాలి. 195 దగ్గర 16 పిక్సెళ్లంటే మధ్య నుంచి ఒక్కో వైపు 8, అంటే 270 కి.మీ./సె. ఈ అంచుల్లో నీలం రెక్క 200 దాకా పోవచ్చు. దానికి లైన్ సొంత వెడల్పు కలపండి, జరుగుడు కలపండి, ఆ తర్వాత నేపథ్య కాంతిని కొలవడానికి ఖాళీ పిక్సెల్ ఒక్కటీ మిగలదు. నేపథ్యం తెలియకపోతే రెక్క ఎత్తు తెలియదు. 24 అయితే 195 దగ్గర అటూ ఇటూ 410, 284 దగ్గర పిక్సెల్‌కి 23.5 మాత్రమే కాబట్టి 280. సరిపోతుంది. 203.83కి మాత్రం 32 ఇవ్వండి, పక్కనే 203.73 దగ్గర ఐరన్ 12 లైన్ కలిసిపోయి ఉంటుంది, రెండూ కలిపి ఫిట్ చేయాలి. 195.12కి కూడా 195.18 దగ్గర అదే అయాన్ లైన్ ఒకటి ఎర్ర వైపు దాక్కుని ఉంటుంది, సాంద్రత పెరిగితే అది పెరుగుతుంది. మీరు చూసేది నీలం వైపు కాబట్టి ప్రమాదం తక్కువే, ఫిట్ చేసేటప్పుడు మర్చిపోకపోతే చాలు.

డౌన్‌లింక్_దారి

పైన ఇద్దరూ పరికరం వైపు నుంచి చెప్పారు. నేను ఆ 600 అన్న అంకె గురించే మాట్లాడతాను, అది రాయి మీద చెక్కిన అంకె కాదు.

దూరంగా తిరిగే నౌకలో డౌన్‌లింక్ (డేటా భూమికి దిగే) వేగం దూరం వర్గానికి విలోమంగా పడిపోతుంది. భూమికి 0.5 ఖగోళ ప్రమాణాల (ఒక ప్రమాణం అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) దూరంలో ఉన్నప్పుడు వచ్చే వేగంలో పదహారో వంతే 2 ప్రమాణాల దూరంలో వస్తుంది. 2020 ఫిబ్రవరిలో వెళ్లిన సోలార్ ఆర్బిటర్ అనే సౌర పరిశోధన నౌకని చూడండి. సూర్యుడికి బాగా దగ్గరగా వెళ్లిన రోజుల్లో (0.3 ప్రమాణాల లోపు) పరిశీలనలు జోరుగా ఉంటాయి, కానీ ఆ సమయంలో నౌక భూమికి ఎంత దూరంలో ఉంటుందన్నది వేరే సంగతి. తీసిన డేటా నౌక మెమరీలో నెలల తరబడి కూర్చుని, భూమి దగ్గరపడ్డాక అర్జెంటీనాలోని మలార్గ్వే 35 మీటర్ల ఆంటెన్నా లాంటి చోటుకి దిగడం మామూలే. కాబట్టి మీ వాటా అసలు రెండు వాటాలు: మెమరీలో చోటు ఒకటి, కిందికి దిగే దారి ఇంకొకటి. మెమరీలో చోటున్నా పది పరికరాలు ఆ దారి కోసం ఎదురుచూస్తుంటాయి. వాటాలో పది పదిహేను శాతం వాడకుండా వదలండి. స్టేషన్ సమయం ఒకటి పోయినా, కంప్రెషన్ అనుకున్నంత రాకపోయినా అదే మిమ్మల్ని కాపాడుతుంది.

కంప్రెషన్ అన్నాను కాబట్టి, దాన్ని నమ్ముకుని ప్రణాళిక వేయడం గురించి కూడా. నష్టం లేని కంప్రెషన్ ఎంత తగ్గిస్తుందన్నది మీరు చూసే దృశ్యం మీద ఆధారపడుతుంది. ప్రశాంత ప్రాంతం బాగా కుదించుకుంటుంది, ప్రకాశవంతమైన యాక్టివ్ రీజియన్‌లో ఫోటాన్ నాయిస్ ఎక్కువ, నాయిస్‌ని ఏ పద్ధతీ కుదించలేదు. అంటే డేటా బాగా విలువైన రోజునే అది ఎక్కువ చోటు తింటుంది. ఫోటాన్‌లెక్క గారు కంప్రెషన్ లేకుండా లెక్క కట్టడం నాకు బాగా నచ్చింది, మిగిలింది లాభం అనుకోవాలి.

ఇంకోటి, గురి. కాంతి 1 ప్రమాణం దాటడానికే 8.3 నిమిషాలు, ఆదేశాలు మాత్రం రోజుల ముందే పైకి వెళ్లిపోయి ఉంటాయి. సోలార్ ఆర్బిటర్‌లో ఆరు నెలల ప్రణాళిక, దాని కింద ఇంకా చిన్నవి, చివరికి వారం వారం ప్రణాళిక, ఆఖరి నిమిషంలో గురిని కాస్త సరిదిద్దుకునే వీలు కూడా ఉంటాయి. మీ యాక్టివ్ రీజియన్ మూడు రోజుల తర్వాత ఎక్కడ ఉంటుందో ఊహించి స్లిట్ పెట్టాలి, ఊహలో తప్పుకి చోటు వదలాలి. 512 ఎత్తు ఉంచమని స్లిట్_పక్కన గారు చెప్పిన దానికి ఇది రెండో కారణం.

దగ్గరికి వెళ్లినప్పుడు ఆర్క్‌సెకండ్ అర్థం కూడా మారుతుంది. భూమి దూరం నుంచి 1 ఆర్క్‌సెకండ్ అంటే సూర్యుడి మీద 725 కిలోమీటర్లు, 0.3 దగ్గర 220. 240 ఆర్క్‌సెకండ్ల రాస్టర్ భూమి దూరంలో యాక్టివ్ రీజియన్‌ని చాలా వరకు కప్పుతుంది, అక్కడ ఒక మూలని మాత్రమే. మీ నౌక ఎక్కడుందో చెప్పలేదు, అది తేల్చుకోకుండా 120 చోట్లు అని రాయకండి.

ఫోటాన్‌లెక్క

రెండేసి పిక్సెళ్లు కలపమన్న సూచన నా 256 కన్నా చాలా మేలు, అదే తీసుకోండి. సున్నా వేగం లేకపోతే మిగతాదంతా వృథా.

కంప్రెషన్ మీద ఒక మాట కలుపుతాను. బిట్లు ఇంకా తగ్గించాలంటే జేపెగ్ లాంటి వాటికి ముందు వర్గమూలం పద్ధతి చూడండి. 14 బిట్లలో పట్టే గరిష్ఠ విలువ 16383, దాని వర్గమూలం 128. వర్గమూలాన్ని సగం సగం మెట్లుగా పంపితే 256 మెట్లు, సరిగ్గా 8 బిట్లు. ఒక మెట్టు ఆ విలువలోని ఫోటాన్ నాయిస్ అంత ఉంటుంది (విలువ ఫోటాన్ల లెక్కలో ఉందనుకుంటే), దానివల్ల మొత్తం నాయిస్ 4 శాతం మాత్రమే పెరుగుతుంది. 14 బిట్లు 8కి దిగితే 43 శాతం ఆదా. ఇంతకన్నా చవకైన బేరం ఈ రంగంలో నేను చూడలేదు. గట్టిగా నొక్కిన జేపెగ్ అయితే ముందు చెడిపోయేది బలహీనమైన లైన్లే, రెక్కలే, మీ సల్ఫర్ 264.23 లాంటివే.

ఇంకో ప్రలోభం ఉంటుంది, నౌక మీదే లైన్‌కి గాసియన్ (గంట ఆకారపు వక్రం) ఫిట్ చేసి తీవ్రత, వేగం, వెడల్పు మూడే పంపేద్దామని. లెక్కకి అద్భుతం. కానీ మీ రెక్కలు రెండో భాగంగా విడిపోతాయా అన్న ప్రశ్న మళ్లీ ఎప్పటికీ అడగలేరు, అసలు స్పెక్ట్రం ఉండదు కాబట్టి.

కరోనా_కన్ను

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పుడు ఇలా మార్చాను. నౌకని 1 ప్రమాణం దగ్గరే పెట్టుకున్నాను. ఎనిమిది లైన్లు, 24 పిక్సెళ్ల విండోలు (203.83కి 32), 512 ఎత్తులో రెండేసి కలిపి, 60 సెకన్లు, 120 చోట్లు, రాస్టర్ రెండు గంటలు. నాలుగు రాస్టర్లు, ఆరు గంటలకోసారి. 14 బిట్ల లెక్కనే 344 మెగాబిట్లు. మిగిలిన 256లో కనీసం 90 ముట్టుకోకుండా వదులుతాను.

చేతిలో 166 మిగులుతుంది. ఇంకో రెండు రాస్టర్లు పెట్టాలా, లేక ఇంకేదైనానా? లెక్క సరిపోయినంత మాత్రాన కొలత సరిపోతుందని ఎలా నమ్మాలి? అది కూడా ఇంకా టెన్షన్‌గానే ఉంది.

స్లిట్_పక్కన

మరో రెండు రాస్టర్లు వద్దు, అదే విషయం ఆరుసార్లు తెలుసుకుంటారు. ఆ 166తో పది చోట్ల పూర్తి స్పెక్ట్రం తీయండి. రెండు డిటెక్టర్లూ కలిపి 4096 పిక్సెళ్లు, 256 విలువల ఎత్తు, ఎక్స్‌పోజర్‌కి 14.7 మెగాబిట్లు, పదికి 147. ఎనిమిది లైన్లు ఎంచుకున్నప్పుడు మీరు ఊహించనివి అందులో ఉంటాయి. ఏ లైన్ పక్కన ఏది కలిసిందో, నేపథ్యం నిజంగా ఎంతో, మీ సాంద్రత జతకి మరో జత ఒప్పుకుంటుందో లేదో అక్కడే తెలుస్తుంది. పది చోట్లనీ వరుసగా పెట్టకుండా ప్రవాహం మొదలు దగ్గర్నుంచి ప్రశాంత ప్రాంతం దాకా దూరం దూరంగా పెట్టండి. మొదటి రాస్టర్ అయిన వెంటనే తీస్తే రెండూ ఒకే స్థితిని చూపిస్తాయి.

హినోడేలో జరిగింది కూడా ఇలాంటిదే. 2007 చివర్లో ఎక్స్-బ్యాండ్ (వేగంగా డేటా పంపే రేడియో) ప్రసారం దెబ్బతిని, తర్వాత నెమ్మదైన ఎస్-బ్యాండ్ మీద నడపాల్సి వచ్చినప్పుడు పరిశీలనల డేటా బాగా కుదించాల్సి వచ్చింది. అయినా ఆ తర్వాత సంవత్సరాల్లో కూడా ఈ అంచు ప్రవాహాల మీద మంచి పని ఆగలేదు, లైన్లు ఏరి ఏరి ఎంచుకున్నారు కాబట్టి. 2013లో వెళ్లిన ఐరిస్ అనే సౌర ఉపగ్రహంలో అయితే లైన్ల జాబితాలు పెద్దవి, చిన్నవి, ఫ్లేర్‌వి అని ముందే తయారుగా ఉంటాయి, ఎంత కలపాలో, ఎంత వెడల్పు చదవాలో ప్రశ్నని బట్టి ఎంచుకుంటారు.

నమ్మకం సంగతి. ఈఐఎస్ డేటా అందరికీ అందుబాటులో ఉంది, చదవడానికి ఈఐఎస్‌పాక్ అనే పైథాన్ ప్యాకేజీ ఉంది. మీలాంటి యాక్టివ్ రీజియన్ మీద విండోలు వెడల్పుగా, కోతలు తక్కువగా తీసిన రాస్టర్ ఒకటి దింపుకోండి. దాన్ని మీ ప్రణాళిక ఎలా చూసేదో అలా చెడగొట్టండి: రెండేసి పిక్సెళ్లు కలపండి, విండోని 24కి కోయండి, వర్గమూలం పద్ధతిలో 8 బిట్లకి దింపి మళ్లీ వెనక్కి తీయండి. ఆ తర్వాత అసలుదాన్నీ దీన్నీ ఒకే కోడ్‌తో ఫిట్ చేసి, వేగాల తేడాని ఫోటాన్ల సంఖ్యకి ఎదురుగా గీయండి. తేడా మీ 2 కి.మీ./సె. లోపు ఉన్నంత వరకు ప్రణాళిక నిలబడుతుంది. ముందుగా దాటేది బహుశా సల్ఫర్ లైనే. అది ఎన్ని ఫోటాన్ల దగ్గర దాటుతుందో చూసి, 60 సెకన్లు సరిపోతాయా 90 చేయాలా అని అప్పుడు నిర్ణయించండి. 90 చేస్తే రాస్టర్ మూడు గంటలు, నాలుగూ కలిపి పన్నెండు, ఇంకా సగం రోజు మీ చేతిలోనే ఉంది, బిట్ల లెక్క మాత్రం మారదు.

డౌన్‌లింక్_దారి

దీనికి ఒక్కటి జోడించండి. 195.12 ఒక్క విండోతో, స్లిట్ వెంబడి ఎనిమిదేసి పిక్సెళ్లు కలిపిన చిన్న రాస్టర్ ఒకటి మొదట్లో పెట్టి, అది అన్నిటికన్నా ముందు దిగేలా గుర్తు పెట్టండి. 64 × 24 × 120 × 14, అంటే 2.6 మెగాబిట్లు. సోలార్ ఆర్బిటర్‌లో ఇలాంటి చిన్న డేటాని ముందుగా, తక్కువ ఆలస్యంతో దింపే ఏర్పాటు ఉంది. గురి తప్పిందో లేదో మీకు నెలల తర్వాత కాకుండా ఆ వారంలోనే తెలుస్తుంది. తప్పితే, మెమరీలో ఎదురుచూస్తున్న మిగతా 490ని కిందికి దింపాలా లేక చెరిపేసి ఆ చోటు తర్వాతి పరిశీలనకి ఇవ్వాలా అన్నది అప్పుడే తేల్చుకోవచ్చు.